పదకొండు పచ్చ దీపాలు

2020 అక్టోబర్ 14. రాత్రి పదకొండున్నరకు పడుకునే ముందు ఫోన్ తీసి చూసుకున్నాను. తెర మీద పదకొండు దీపాలు. పదకొండూ పచ్చగానే ఉన్నాయి. బయట వాన ఆగకుండా దంచుతోంది, ఇంట్లో కరెంటు లేదు. అయినా నా పెట్టెలన్నీ బాగానే ఉన్నాయి కదా అనుకుని నిశ్చింతగా నిద్రపోయాను. దత్త నగర్ మూల మీది పెట్టె ఆగిపోయి అప్పటికి ముప్పావుగంట అయింది.

ఆ పచ్చ దీపాన్ని అట్లా వెలిగేట్టు చేసింది నేనే. ఎట్లా చేశానో, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో ఇన్నాళ్లకు రాస్తున్నాను. కేబుల్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను గురువు అంటున్నారు. వాళ్లకు నేను నేర్పే పనిలో సగం ఆ రాత్రి నాకు నేర్పిందే. ఆ సంగతి వాళ్లకు తెలియాలి.

మాది సోలాపూర్ తూర్పు భాగం, మరాఠీలో పూర్వ భాగ్ అంటారు. అశోక్ చౌక్, సాఖర్ పేట, కన్నా చౌక్, జోడ్ బసవణ్ణ చౌక్, దత్త నగర్. ఈ గల్లీల్లో ఏ ఇంటి తలుపు తట్టినా లోపలి నుంచి తెలుగే వినిపిస్తుంది. 1877లో ఇక్కడ బట్టల మిల్లు మొదలైంది. జూనీ మిల్లు అంటే ఊరంతటికీ తెలుసు. దాని వెనకే ఇంకొన్ని మిల్లులు వచ్చాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలీలు మూటా ముల్లె కట్టుకుని తరాలు తరాలుగా వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. మా తాత అట్లా వచ్చినవాడే. మిల్లులు మూతపడ్డాక నేత ఇళ్ల వెనకాల రేకుల షెడ్డుల్లోకి చేరింది. మా నాయిన నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. జకార్డు అట్టలు పెట్టి చద్దర్లు నేసేవాడు. 2005లో భౌగోళిక గుర్తింపు దక్కిన సోలాపురి చద్దరు అదే. మా అవ్వ బీడీలు చుట్టేది. మా గల్లీలో ఇంటింటా ఇదే లెక్క: మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు చాట ముందు.

నేను సాంచాల మీదికి పోలేదు, నిచ్చెన ఎక్కాను. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. పుట్టిన ఊరికి దూరంగా మరాఠీ మధ్య బతుకుతున్న మా వాళ్లకు ఇంట్లో తెలుగు మాట వినబడటం ఎంత పెద్ద సంగతో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. తెలుగు చానళ్లు వస్తాయా అని అడిగి, వస్తాయంటేనే కనెక్షన్ తీసుకునేవాళ్లు. తీగ లాగడానికి పోతే ముసలవ్వలు చాయ్ పోసి కూర్చోబెట్టేవాళ్లు. 2013 మార్చి 31 గడువు పెట్టి దేశంలో 38 నగరాల్లో డిజిటల్ కేబుల్ తప్పనిసరి చేసినప్పుడు ఆ జాబితాలో సోలాపూర్ కూడా ఉంది. ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. తర్వాత అదే తీగలో ఇంటర్నెట్ కూడా ఇవ్వడం మొదలైంది. నేను పనిచేసే చోట లైన్‌మన్‌గా చేరినవాణ్ణి మెల్లగా నెట్‌వర్క్ చూసే మనిషినయ్యాను.

పెట్టె అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. కంట్రోల్ రూం నుంచి గల్లీ మొదలు దాకా ఫైబర్ వస్తుంది. అక్కడ నోడ్ ఉంటుంది. నోడ్ నుంచి ఇళ్ల దాకా నల్లటి మందపాటి కేబుల్ పోతుంది. దూరం పోయేకొద్దీ సిగ్నల్ సన్నగిల్లుతుంది కాబట్టి మధ్య మధ్యలో ఆంప్లిఫయర్లు పెడతాం. వాటికి కరెంటు కావాలి. ప్రతి స్తంభం దగ్గరా మీటరు పెట్టలేం గనక సిగ్నల్ పోయే కేబుల్‌లోకే 60 వోల్టుల కరెంటు కూడా ఎక్కిస్తాం. వీధి కరెంటు 230 వోల్టులు తీసుకుని 60 చేసి లైన్‌లోకి ఎక్కించేది ఈ పవర్ సప్లై పెట్టె. వీధిలో కరెంటు పోయినా లైను ఆగకుండా దాని లోపల మూడు పన్నెండు వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. ఒక్క పెట్టె మీద వందల ఇళ్ల టీవీ, ఇంటర్నెట్ ఆధారపడి ఉంటాయి. జనం ఆ పెట్టె పక్కన బండి నిలుపుకుంటారు, దాని మీద సంచి పెట్టుకుని ఫోన్ మాట్లాడతారు. లోపల ఏముందో ఎవరికీ పట్టదు, పట్టాల్సిన పని కూడా లేదు. పట్టించుకోవాల్సింది నాలాంటివాళ్లం.

2019 మే నెలలో మా పదకొండు పెట్టెలకూ నిఘా పరికరాలు తెప్పించారు. ట్రాన్స్‌పాండర్ అంటారు, అరచేతిలో పట్టేంత కార్డు. పెట్టెలో బిగిస్తే వీధి కరెంటు ఎంతుంది, లైన్‌లోకి ఎంత పోతోంది, బ్యాటరీలు ఎట్లా ఉన్నాయి, లోపల వేడి ఎంత, తలుపు ఎవరైనా తెరిచారా అన్నీ కొలుస్తుంది. దానిలోనే ఒక కేబుల్ మోడెం ఉంటుంది. మనం కాపాడుతున్న లైన్ మీదుగానే అది ఆ లెక్కలను కంట్రోల్ రూంకు పంపుతుంది. అప్పటిదాకా బ్యాటరీ చచ్చిందో బతికిందో తెలియాలంటే నిచ్చెన వేసుకుని పోయి మీటరు పెట్టి చూడాల్సిందే. ఇక కూర్చున్న చోట నుంచే చూడొచ్చు. నాకెంత సంబరం అయిందో చెప్పలేను. పనంతా నాకే అప్పగించారు. రెండు రోజుల్లో పదకొండు పెట్టెలూ పూర్తిచేశాను. రెండు రోజుల్లో చేశానని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. తప్పులన్నీ ఆ రెండు రోజుల్లోనే ఉన్నాయి.

మొదటిది పేర్ల తప్పు. ప్రతి కార్డుకూ ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది, పన్నెండు అక్షరాలు. ఏ అడ్రస్ కార్డు ఏ మూల మీద ఉందో సర్వర్‌లో రాసుకోవాలి. నేను ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, కార్డులు ఇంకా డబ్బాల్లో ఉండగానే, ఇది ఇక్కడికి, అది అక్కడికి అని జాబితా మొత్తం ముందే తయారుచేసేశాను. తర్వాత సంచిలో వేసుకుని పోయి బిగించాను. అన్నీ ఒకే బ్యాచ్ కార్డులు. వరసలో పక్కపక్కవాటికి చివరి అక్షరం ఒక్కటే తేడా. జోడ్ బసవణ్ణ చౌక్‌కు అనుకున్న కార్డు దత్త నగర్‌లో, దత్త నగర్‌ది జోడ్ బసవణ్ణలో బిగించాను. బిగించిన చోట ఒక్కసారి స్టిక్కర్ చూసి సరిపోల్చుకుంటే అర నిమిషం పట్టేది. మే నెల ఎండ, సోలాపూర్ ఎండ, ఇనుప పెట్టె తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఆ అర నిమిషం నిలబడలేదు.

రెండోది బ్యాటరీ తీగలు. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడే మోసపోతారు. మూడు బ్యాటరీలు వరసలో ఉంటాయి. కార్డు నుంచి సన్నటి తీగల గుత్తి వస్తుంది. ఒక తీగ మొదటి బ్యాటరీకి, ఒకటి మధ్యలో కలిపే చోటికి, ఇంకొకటి తర్వాతి కలిపే చోటికి, ఇట్లా మూడు బ్యాటరీలనూ విడివిడిగా కొలిచేట్టు తగిలించాలి. నేను మధ్య తీగలు వదిలేశాను. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పెట్టి మొత్తం వోల్టేజి వచ్చేట్టు చేసి మూసేశాను. మొత్తం తెలిస్తే చాలదా అనుకున్నాను. ఒక్కో పెట్టెకు పది నిమిషాలు కలిసొచ్చింది. తెర మీద ఒక్కో బ్యాటరీకి ఒక్కో గడి ఉంటుంది. అవి ఖాళీగా కనిపించేసరికి బాగాలేదని ఆ గడులే కనబడకుండా దాచేశాను.

మొత్తం చూస్తే ఎందుకు చాలదో చెప్తాను. బాగున్న బ్యాటరీ చార్జింగ్‌లో ఉన్నప్పుడు ఒక్కోటి 13.5 వోల్టుల దగ్గర నిలుస్తుంది. మూడు కలిపితే 40.5. చార్జర్‌కు తెలిసింది ఆ 40.5 ఒక్కటే, దాన్నే నిలబెడుతుంది. ఇప్పుడు ఒక బ్యాటరీలో ఒక సెల్ షార్టయి అది 11.5కు పడిపోయిందనుకోండి. చార్జర్ మొత్తం తగ్గనివ్వదు. మిగతా రెండింటినీ 14.5కు ఎగదోస్తుంది. పదకొండున్నర, పద్నాలుగున్నర, పద్నాలుగున్నర. కూడితే మళ్లీ 40.5. తెర మీద పచ్చ దీపం. లోపల మాత్రం ఒకటి చచ్చి ఉంటుంది, మిగతా రెండు అతిగా చార్జయి ఎండిపోతుంటాయి. కరెంటు పోయి బరువు మీద పడగానే ఆ చచ్చినది కుప్పకూలుతుంది, దానితో పాటు వరస మొత్తం కూలుతుంది. మూడు గంటలు రావాల్సిన పెట్టె పావుగంట కూడా రాదు.

వేడి కొలిచే చిన్న సెన్సర్‌ను కూడా బ్యాటరీ ఒంటికి అంటించకుండా గాలిలో వేలాడదీశాను. లెడ్ బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. 25 డిగ్రీల దగ్గర నాలుగేళ్లు వచ్చేది, పది డిగ్రీలు పెరిగితే సుమారు సగం కాలమే వస్తుంది. మా ఊళ్లో వేసవిలో బయటే నలభై దాటుతుంది, ఇనుప పెట్టెలో ఇక చెప్పక్కర్లేదు. వేడిని బట్టి చార్జింగ్ తగ్గించాలంటే చార్జర్‌కు బ్యాటరీ వేడి తెలియాలి. నేను దానికి గాలి వేడి చెప్పాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రహస్యపదం 'పబ్లిక్' అన్నది కూడా మార్చలేదు. ఆ నెట్‌వర్క్‌లోకి రాగలిగినవాడు ఎవడైనా మా పెట్టెల లెక్కలు చదివేవాడు. అదృష్టం బాగుండి ఎవరూ చదవలేదు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. అది చేతి తొందర వల్ల జరగలేదు, బాగా ఆలోచించుకునే చేశాను.

పరికరాలు మొదలైన మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నా ఫోన్ మోగడం మొదలైంది, మధ్యాహ్నం దాకా ఆగలేదు. వందకు పైగా సందేశాలు. కరెంటు పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. కారణం తేలికే. మా భాగంలో షెడ్డు షెడ్డుకూ సాంచాలు. పొద్దున అందరూ ఒక్కసారి మోటర్లు వేస్తారు. వోల్టేజి ఒక్క క్షణం కిందికి దిగుతుంది. పెట్టె దాన్ని కరెంటు పోయినట్టు లెక్కగట్టి బ్యాటరీ మీదికి మారుతుంది, మళ్లీ తిరిగొస్తుంది. మారిన ప్రతిసారీ నాకో కబురు. ఇది పరికరం తప్పు కాదు. ఎక్కడో వేరే దేశపు ప్రశాంతమైన వీధికి పెట్టిన హద్దులు నేత పేటకు సరిపోవు. ఒక వారం రోజులు లెక్కలు గమనించి, మా కరెంటు తీరు తెలుసుకుని, ఎంతసేపు పోతే నిజంగా పోయినట్టు అని హద్దు మార్చుకోవాలి. నాకంత ఓపిక లేకపోయింది. నాలుగో రోజు రాత్రి కూర్చుని అలారాలు ఒక్కొక్కటే మూయడం మొదలుపెట్టాను. కరెంటు పోయింది అన్నది మూశాను. తలుపు తెరిచారు అన్నది మూశాను. చివరికి 'పరికరం జవాబివ్వడం లేదు' అన్న అలారం కూడా మూశాను. మోడెం ఎప్పుడైనా ఒక నిమిషం తప్పిపోయి మళ్లీ వస్తే అది మోగేది. అది మూసేశాక తెర చల్లబడింది. జవాబు రాకపోతే చివరిసారి వచ్చిన లెక్కే తెర మీద నిలిచిపోయేది. చివరి లెక్క బాగుంటే దీపం పచ్చగానే ఉండేది.

ఆ రాత్రి నేను నిద్ర సుఖంగా పోయాను. దాదాపు ఏడాదిన్నర సుఖంగానే పోయాను.

2020 అక్టోబర్ 13 పొద్దున కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటింది. ఆ రోజే హైదరాబాద్‌ను ముంచేసింది. అక్కడ ఉన్న మా చుట్టాలు ఫోన్ చేసి నడుముల్లోతు నీళ్లని ఏడుస్తుంటే, మేం వాళ్లకు ధైర్యం చెప్పాం. మర్నాడు అదే వాన మా జిల్లా మీదికి వచ్చింది. పండరిపురంలో చంద్రభాగ ఒడ్డున ఘాట్ గోడ కూలి ఆరుగురు పోయారు. మా గల్లీల్లో సాంచాల షెడ్డుల్లోకి నీళ్లొచ్చాయి. నేసిన చద్దర్లు బీములతో సహా తడిసిపోయాయి. పదిన్నర దాటాక కరెంటు పోయింది. దత్త నగర్ పెట్టె బ్యాటరీ మీదికి మారింది, కాసేపటికే కూలింది. పెట్టె కూలితే అది నడిపే ఆంప్లిఫయర్ కూలుతుంది. కార్డులోని మోడెం తన మాట పంపాల్సింది ఆ ఆంప్లిఫయర్ మీదుగానే. అందుకని పెట్టె చచ్చిందన్న మాట నాకు చేరలేదు. చేరకపోవడమే దాని కబురు. ఆ కబురును నేనే ఏడాదిన్నర కింద మూసేశాను.

తెల్లారుజామున కరెంటు వచ్చింది. పెట్టె మాత్రం రాలేదు, లోపలి ఎంసీబీ ట్రిప్ అయిపోయింది. ఏడున్నరకు ఫోన్లు మొదలయ్యాయి. దత్త నగర్ వాళ్లు, మా ఇంట్లో నెట్ లేదన్నా అని. సర్వర్‌ను కొత్తగా అడిగి చూశాను. దత్త నగర్ జవాబిచ్చింది, బాగుంది. జోడ్ బసవణ్ణ చౌక్ జవాబివ్వలేదు. దత్త నగర్ వాళ్లది ఇంటి వైరింగ్ తడిసి ఉంటుంది, అసలు సమస్య జోడ్ బసవణ్ణలో ఉంది అనుకుని మోకాళ్లలోతు నీళ్లలో బండి నెట్టుకుంటూ అక్కడికి పోయాను. పెట్టె దగ్గర నిలబడితే లోపలి నుంచి సన్నగా గుయ్‌మని మోత. నడుస్తోంది. తలుపు తీశాను, ఎంసీబీ వేసే ఉంది, లైన్‌లో 60 వోల్టులున్నాయి. గంటసేపు కనెక్టర్లు విప్పి తుడిచి బిగించాను, బాగున్నవాటినే. అప్పుడు కార్డు మీది స్టిక్కర్ చూశాను. చివరి అక్షరం చూశాను. వానలోనే అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

దత్త నగర్ చేరి ఎంసీబీ పైకి ఎత్తేసరికి పదీ నలభై. ఒక వేలితో చేసే పని అది.

అదే గల్లీలో ఒక పిల్ల ఉంది. ఇంజనీరింగ్ అయిపోయింది, తండ్రి లేడు, తల్లి బీడీలు చుట్టి చదివించింది. లాక్‌డౌన్‌లో ఎక్కడా ఉద్యోగాలు లేవు. ఆ పిల్లకు పుణేలో ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూ వచ్చింది, ఆన్‌లైన్‌లో. అక్టోబర్ 15 పొద్దున పదింటికి. రాత్రి నుంచి ఇంట్లో నెట్ లేదు. ఫోన్ డేటా కోసం తిరిగిందట, టవర్లు కూడా సగం పడిపోయి ఉన్నాయి. మేడ మీద గొడుగు పట్టుకుని నిలబడి పదిహేను నిమిషాలు ప్రయత్నించింది. ముఖం గడ్డకట్టి, మాట తెగిపోయి, అవతలివాళ్లు పెట్టేశారు. మళ్లీ సమయం ఇమ్మని ఆ పిల్ల ఉత్తరం రాసింది. వాళ్లు మళ్లీ పిలవలేదు.

ఈ సంగతి నాకు సాయంత్రం తెలిసింది. వాళ్లింటికి పోయాను. ఆ పిల్ల తల్లి చాట ముందు కూర్చుని ఉంది, ఒళ్లో తునికాకు. చేతులు ఆగకుండానే తల ఎత్తి చూసింది. ఆకు కత్తిరించడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, చూపు నా మీద ఉన్నా వేళ్లు తమ పని చేస్తూనే ఉన్నాయి. నేను ఏదో అనబోయాను. ఆమే అంది: "వాన గింత పడితె నువ్వేం జేస్తవ్ తమ్మీ. దేవుడు జేసిన పనికి నిన్నేమనాలె."

నేను తలూపాను. అవునక్కా, వాన అన్నాను. ఆఫీసులో రాసిన కాగితంలో కూడా కారణం దగ్గర 'భారీ వర్షం' అని రాశాను. నా తప్పులన్నిటిలో నన్ను ఎక్కువ కాల్చింది ఆ రెండు మాటలు. తీగ వదిలేయడం తొందర. అలారం మూయడం అజ్ఞానం అనుకున్నా అనుకోవచ్చు. వాన మీదికి నెట్టడం అట్లాంటిది కాదు. దానికి పేరు అబద్ధం.

నీళ్లు తగ్గాక దత్త నగర్ పెట్టె తెరిచి మీటరు పెట్టాను. మొదటి బ్యాటరీ 14.4. మూడోది 14.5. మధ్యది 11.6. కూడుకున్నాను. 40.5. దాని పక్క ఉబ్బి ఉంది, మూల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఎన్ని నెలల నుంచి అట్లా ఉందో. పదకొండు పెట్టెలూ తిరిగాను. ఇంకో రెండింటిలో ఇదే కథ. పదకొండు పచ్చ దీపాల వెనక మూడు చచ్చిన వరసలు.

ఆ రోజు ఇంటికొచ్చి నాయినకు చెప్పాను. ఆయనకు మోడెం తెలీదు, వోల్టు తెలీదు. అంతా విని తడిసిన షెడ్డులోకి తీసుకుపోయాడు. సాంచా మీద పడుగు చూపించాడు. ఒక్కో పోగు మీద సన్నటి ఇనుప రేకు వేలాడుతుంటుంది, వందల రేకులు వరసగా. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైన నిలుస్తుంది. ఏ ఒక్క పోగు తెగినా దాని రేకు కింద పడి సాంచాను ఆపేస్తుంది. ఆ రేకులు లేని పాత సాంచాల మీద కూడా ఆయన పనిచేశాడు. "పోగు తెగితె సాంచ ఆగాలె," అన్నాడు. "ఆగకుంటె గుడ్డ నేస్తనే ఉంటది. దూరంకెళ్లి చూస్తె మంచిగనే కొడ్తది. మడత పెట్టేటప్పుడు తెలుస్తది." కాసేపాగి, "నీ మిషిన్ల ఒక్కో పోగుకు ఒక్కో రేకు పెట్టిన్రు గద. నువ్వు రేకులు తీసేసినవ్," అన్నాడు.

చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. రాత్రి పాళీలో సాంచాల మోత మధ్యనే మేం నిద్రపోయేవాళ్లం. ఆ మోతలో నాయినకు గాఢనిద్ర పట్టేది. నాలుగింటిలో ఒక్క సాంచా ఆగితే మాత్రం దిగ్గున లేచి కూర్చునేవాడు. మోత ఆయన్ని లేపేది కాదు, మోత తగ్గడం లేపేది. నేను ఆ ఇంట్లోనే పుట్టి పెరిగి, మౌనంగా ఉన్న పెట్టెను బాగున్న పెట్టె అనుకున్నాను.

మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి రోజుకు ఒక్క పెట్టె, పదకొండు రోజులు. కార్డు బిగించాక, బిగించిన చోటే స్టిక్కర్‌నూ పెట్టె నంబర్‌నూ వెనకాల వీధినీ కలిపి ఒక ఫొటో తీసి, అక్కడ నిలబడే సర్వర్‌లో పేరు రాశాను. మధ్య తీగలు తగిలించి ఒక్కో బ్యాటరీ మీద మీటరు పెట్టి, తెర మీది అంకె, మీటరు అంకె ఒకటేనా అని చూశాను. రెండు చోట్ల మధ్య తీగలు తారుమారు అయ్యాయి. అంకెలు సరిపోల్చాను గనక దొరికాయి. సెన్సర్‌ను మధ్య బ్యాటరీ పక్కకు టేపుతో అంటించాను, ఎక్కువ వేడెక్కేది మధ్యదే. రహస్యపదం మార్చాను. అలారాల హద్దులు రెండు వారాలు లెక్కలు చూసుకుని పెట్టాను. సాంచాలు మొదలయ్యే వేళ క్షణం పాటు వోల్టేజి దిగితే మోగదు, ఐదు నిమిషాలు దాటితే మోగుతుంది. మూడు బ్యాటరీల మధ్య అర వోల్టు కంటే ఎక్కువ తేడా వస్తే మోగుతుంది. జవాబు రాకపోతే ఎర్రగా అవుతుంది, అన్నిటికన్నా పైన కనబడుతుంది, రాత్రి రెండింటికైనా నన్ను లేపుతుంది.

ఇంకొకటి. పని అయిపోయాక మెయిన్ ఎంసీబీ కిందికి దించి, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాను. కరెంటు పోయిందన్న కబురు రావాలి. తర్వాత బ్యాటరీ లీడ్లు కూడా తీసేస్తాను, లైను పూర్తిగా చచ్చిపోతుంది. ఆ గల్లీవాళ్లకు ముందే చెప్పి, ఎవరికీ పని లేని వేళ చూసుకుని చేస్తాను. జవాబు లేదన్న కబురు రావాలి. రెండూ వచ్చాకే తలుపు మూస్తాను. మొదటిసారి చేసినప్పుడు ఇది ఒక్కటి చేసి ఉన్నా పేర్ల తప్పు ఆ రోజే బయటపడేది. పరికరం బాగున్నప్పుడు ఏం చెప్తుందో చూసి సంతోషపడ్డాను. చెడిపోతే చెప్తుందా అని ఒక్కసారి కూడా అడిగి చూడలేదు.

పదకొండో పెట్టె పూర్తయిన సాయంత్రం మళ్లీ ఆ ఇంటికి పోయాను. ఆ పిల్ల కూడా ఉంది. "అక్కా, ఆ రోజు నెట్ పోయింది వాన వల్ల కాదు. బ్యాటరీ చచ్చి ఎన్నో నెలలైంది, నేను చూసుకోలేదు. చెడిపోతే చెప్పే గంటను కూడా నేనే ఆపేశాను. పొద్దున వేరే పెట్టెకు పోయి గంట పోగొట్టాను. వాన అని నీకు అబద్ధం చెప్పాను," అన్నాను. ఆమె చేతులు ఆగాయి. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల మాత్రం "ఎన్ని గంటలకు పోయిందన్నా అసలు?" అని అడిగింది. పదకొండుకు పది, పదిహేను నిమిషాల ముందు అన్నాను. "అంటే రాత్రే తెలిస్తె పొద్దుటికి అయిపోతుండె," అంది. అవును అన్నాను. తల్లి మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంటూ, "ఇంకెవరి పిల్లకు గిట్ల కానియ్యకు తమ్మీ," అంది. ఆఫీసులో కాగితం వెనక్కి తీయించి, కారణం దగ్గర నా పేరు రాసి ఇచ్చాను. ఒక నెల జీతంలో కొంత కోత పడింది, అది న్యాయమే.

ఇప్పుడు చాలా గల్లీల్లో ఇంటి దాకా ఫైబరే పోతోంది. స్తంభాల మీద ఆంప్లిఫయర్లు తగ్గుతున్నాయి. ఇళ్లలో పెట్టే ఆ ఫైబర్ పెట్టెలకు కరెంటు పోయే క్షణంలో చివరి మాట ఒకటి చెప్పి చచ్చిపోయే ఏర్పాటు ఉంది. నా పాత పెట్టెలకు లేనిది అదే. అయినా ఆ మాటను వినే చోట ఎవరో ఒక మనిషి ఉంటాడు, అలారాల చప్పుడు భరించలేక మూయాలని అతనికీ అనిపిస్తుంది. నా దగ్గర పని నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మూయబుద్ధి అయిన రోజు నాకు ఫోన్ చేయండి, ఏ వేళకైనా సరే. ఇద్దరం కూర్చుని హద్దు మార్చుకుందాం.

దత్త నగర్ పెట్టె తలుపు లోపల ఒక అట్ట ముక్క అంటించి ఉంది. నాయిన షెడ్డులో పనికిరాకుండా పోయిన జకార్డు అట్ట అది, చిల్లులతో సహా. నెల నెలా దాని మీద తేదీ, మూడు అంకెలు రాస్తాను. మొన్న రాసినవి 13.5, 13.4, 13.5.